నాన్న తాగని బ్రాందీ

మెట్టుగూడలో మా ప్రార్థనా మందిరం ఒక టిఫిన్ సెంటర్ పైన, మొదటి అంతస్తులో ఉంది. ఆదివారం ఆరాధన మొదలయ్యే వేళకు కింద దోసెల పెనం బాగా కాగి ఉంటుంది. మేము కళ్ళు మూసుకుని స్తుతిస్తుంటే కిటికీలోంచి ఉల్లికారం వాసన వస్తుంది. ఉపవాస ప్రార్థన జరిగే శుక్రవారాలు కిటికీ తలుపులు వేసేసి ఫ్యాన్లు పెంచుతారు. అయినా విశ్వాసం బాగా గట్టిగా ఉన్నవాళ్ళు తప్ప ఆ రోజు కిటికీ పక్కన కూర్చోరు.

మా సంఘంలో పాటల కన్నా, ప్రసంగం కన్నా సాక్ష్యానికి గిరాకీ ఎక్కువ. సాక్ష్యమంటే, ప్రభువు తనను ఏ పాపంలోంచి బయటకు లాగాడో విశ్వాసి నలుగురి ముందూ నిలబడి చెప్పుకోవడం. విమోచన అనే మాటను అయ్యగారు మాకు తరచుగా వివరించేవారు. మేము పాస్టరుగారిని అయ్యగారనే పిలుస్తాం. పూర్వం సంతలో అమ్ముడుపోయిన బానిసను ఎవరో దయగలవాడు వెల చెల్లించి విడిపించేవాడట; ప్రభువు తన రక్తాన్నే వెలగా ఇచ్చి మనల్ని అలా విడిపించాడు. వింటే చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే సంగతి. కానీ మా మందిరంలో ఆ అర్థం ఏళ్ళు గడిచేకొద్దీ కొంచెం పక్కకు జరిగింది. ఎవరి సంకెళ్ళు ఎంత లావుగా ఉండేవో, వాళ్ళకు అంత ముందు కుర్చీ.

ముందు వరుసలో మెత్తలు వేసిన కుర్చీలుండేవి. మొదటి కుర్చీలో ఒకప్పుడు రౌడీగా తిరిగిన అన్న కూర్చునేవాడు. ఆయన మంచివాడు, ఏడిస్తే నిజంగానే ఏడుస్తాడు. కానీ ఆయన సాక్ష్యం మాత్రం ఏటేటా ఎదిగింది. నా చిన్నతనంలో ఆయన చేతిలో చాకు ఉండేది. నేను డిగ్రీ చదివే నాటికి అది కత్తి అయింది. ఈమధ్య విశ్వాసాన్ని రగిలించే ఉజ్జీవ కూడికల్లో తల్వార్ దూశాడు. ఆయన పక్కన మంత్రగాళ్ళ చుట్టూ తిరిగి బయటపడిన ఒక ఆంటీ, ఆమె పక్కన పేకాటలో సంసారం పోగొట్టుకున్న ఒక మేస్త్రీ. పుట్టినప్పటి నుంచీ మందిరానికి వస్తూ ఏ దారీ తప్పని వాళ్ళు వెనక, స్తంభం పక్కన కూర్చునేవారు. చాపలు పరచడం, గ్లాసులు కడగడం, మైకు వైర్లు చుట్టడం వాళ్ళ పని.

మా నాన్న అక్కడ కూర్చునేవాడు. తాతల నాటి నుంచీ మాది క్రైస్తవ కుటుంబం. నాన్న రైల్వే పార్శిల్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. సిగరెట్ ముట్టలేదు, మందు ముట్టలేదు, చక్కెర వద్దని డాక్టరు చెప్పినప్పటి నుంచి చక్కెర కూడా ముట్టలేదు. ఒకసారి వీధి కుక్కను గట్టిగా అదిలించి, సాయంత్రం దాని కోసం బిస్కట్లు పట్టుకుని గల్లీ అంతా వెతికాడు. "మీ డాడీకి పాపం చేసుడు సుత చేతగాదు" అని అమ్మ అనేది. అది మెచ్చుకోలు కాదు.

మందిరం వార్షికోత్సవానికి అయ్యగారు ఒక ఏర్పాటు చేశారు. ఈసారి వెనక వరుసల వాళ్ళు కూడా సాక్ష్యం చెప్పాలి, అంతా యూట్యూబ్‌లో లైవ్ వెళ్ళాలి. లైవ్ పని నాది. నేను బడిలో టీచర్ని. ఫోనూ స్టాండూ పట్టుకోవడం నాకు వచ్చు కాబట్టి సంఘం దృష్టిలో మీడియా విభాగం నేనే. సాక్ష్యం చెప్పేవాళ్ళు ముందుగా అయ్యగారికి వినిపించాలని నియమం పెట్టారు. నాన్న శనివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, తాను క్రైస్తవ ఇంట్లో పుట్టాననీ, ప్రభువు తనను ఇంతవరకూ కాపాడాడనీ, ఆయనకు వందనాలనీ చెప్పాడు. అయ్యగారు కోస్తా నుంచి వచ్చిన మనిషి, మర్యాదస్తుడు. ఓపిగ్గా విని, నొచ్చుకోకుండా చెప్పాలని గొంతు తగ్గించారు.

"బ్రదర్ గారూ, మొత్తం వెలుగే ఉందండీ ఇందులో. చీకటేదండీ? చీకటి లేకపోతే వెలుగు జనానికి ఎలా కనబడుతుంది?"

వచ్చే ఆదివారం దాకా గడువిచ్చి, హృదయాన్ని వెతుక్కోమన్నారు.

నాన్న నిజంగానే వెతికాడు. తనలో ఏమీ దొరకక అమ్మను అడిగాడు. అమ్మ బీరకాయ చెక్కు తీస్తూ, తల ఎత్తకుండానే మొదలుపెట్టింది. బాత్రూమ్ నల్లా కారుతున్నదని ఎన్నేళ్ళుగా చెప్తున్నా పట్టించుకోలేదు. తన తమ్ముడి పెళ్ళిలో భోజనాలు కాకముందే డ్యూటీ ఉందని లేచొచ్చాడు. కూర బాగుందని ఒక్కనాడు అనలేదు. సినిమాకు తీసుకుపోతే ఇంటర్వెల్ లోపే నిద్రపోయేవాడు. నాన్న అంతా శ్రద్ధగా విని, ఇవి కాదు, ఇంకా పెద్దవి కావాలన్నాడు. పెద్దవి చేసేంత తీరిక నీకెక్కడిది అని అమ్మ బీరకాయ పక్కన పడేసింది.

మేడ మీద నేను బట్టలు ఆరేస్తుంటే నాన్న వచ్చి, వైరు ఒక చివర పట్టుకుని నిలబడ్డాడు.

"బిడ్డా, అందరినీ విడిపిచ్చిండు గదా ప్రభువు. మరి నన్ను దేంట్లకెళ్ళి విడిపిచ్చినట్టు? నన్ను ఎవరూ కట్టెయ్యనే లేదు గదా."

నేను నవ్వాను. నాన్న నవ్వలేదు. ఆయన ముఖం చూస్తే, పార్శిల్ తనకే వచ్చిందని కబురందినా గోడౌన్ అంతా వెతికి దొరక్క నిలబడ్డ మనిషిలా ఉన్నాడు.

ఆదివారం వార్షికోత్సవంలో ఆయన వంతు రౌడీ అన్న తర్వాత వచ్చింది. తల్వార్ కథకు హాలంతా ఊగిపోయి, ఇప్పుడు మంచినీళ్ళ కోసం లేస్తోంది. నాన్న మైకు పట్టుకుని తాను క్రైస్తవ ఇంట్లో పుట్టిన సంగతి చెప్తున్నాడు. ఫోను తెరలో నాకు ఆవలించేవాళ్ళు, చెప్పులు వెతుక్కునేవాళ్ళు, పక్కవాళ్ళతో గుసగుసలాడేవాళ్ళు కనిపిస్తున్నారు. నాన్నకు కూడా కనిపించారు. ఒక్క క్షణం ఆగాడు.

"నేను తాగుబోతుని" అన్నాడు.

చెప్పులు వెతుక్కునేవాళ్ళు కూర్చున్నారు. గ్లాసు నోటి దాకా తెచ్చినవాళ్ళు అక్కడే ఆపేశారు. ఆ నిశ్శబ్దాన్ని నాన్న తన జీవితంలో ఎన్నడూ చూసి ఉండడు. దాని రుచి మరిగాడనే అనుకుంటాను. ఇక ఆగలేదు. డ్యూటీ దిగగానే తాగేవాణ్ణన్నాడు. ప్లాట్‌ఫారం మీద పడిపోతే తోటి ఉద్యోగులు పార్శిళ్ళ ట్రాలీ మీద పడుకోబెట్టి ఇంటికి చేర్చారన్నాడు. అది ఆయన ఆఫీసులో వేరే మనిషికి జరిగింది, మాకు ఎన్నోసార్లు చెప్పాడు. భార్యను ఏడిపించానన్నాడు. చివరికి ప్రభువు తనను విమోచించాడన్నాడు. హల్లెలూయలతో ఫ్యాన్ల చప్పుడు వినిపించలేదు. అయ్యగారు కళ్ళు తుడుచుకున్నారు. ఇలాంటప్పుడు కెమెరా భార్య వైపు తిప్పాలని మాకొక ఆనవాయితీ ఉంది, తిప్పాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. చూసినవాళ్ళంతా ఏడుస్తున్నదనుకున్నారు.

ఇంటికి వచ్చాక అన్నం పెడుతూ, తనను ఎప్పుడు ఏడిపించాడో కాస్త చెప్పమని, తనకు యాదికి లేదని అమ్మ అడిగింది. నాన్న పప్పు కలుపుకుంటూ, నోట్లోంచి అదే వచ్చేసిందన్నాడు. వచ్చే వారం సరిచేస్తానన్నాడు.

తీరా ఆ వారం వచ్చేసరికి ముందు వరుసలో ఆయన కోసం మెత్త వేసిన కుర్చీ ఉంది. నాన్న దాని ముందు కాసేపు నిలబడి, కూర్చున్నాడు.

అమ్మ సంగతి ఇంకా విచిత్రం. వీడియో ఫార్వర్డ్ అవుతూ అవుతూ మా పక్కింటావిడకు చేరింది. ఆమెది గుంటూరు వైపు, పూజలూ వ్రతాలూ చేసుకునే కుటుంబం, మాతో మంచిగా ఉంటుంది. డబ్బా నిండా సున్నుండలు పట్టుకొచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఎంత ఓర్చుకున్నారు వదినగారూ. గోడకి ఇవతలే ఉన్నాం, ఒక్క మాట బయటికి పొక్కనివ్వలేదు మీరు."

అమ్మ నిజం చెప్దామని నోరు తెరిచింది, నేను చూశాను. కానీ తన కోసమని ఎవరైనా సున్నుండలు చేసి తెచ్చి చాలా కాలమైంది. నోరు మూసుకుని డబ్బా అందుకుంది. ఆ నెలలోనే స్త్రీల కూడికలో తాగే భర్తలతో వేగే సహోదరీలకు ధైర్యం చెప్పమని అమ్మను పిలిచారు. రెండుసార్లు తప్పించుకుని మూడోసారి వెళ్ళింది. అద్భుతంగా మాట్లాడిందని అందరూ అన్నారు. నాకు తెలిసి ఆమె మాట్లాడింది కారే నల్లా గురించి, మధ్యలో లేచొచ్చిన పెళ్ళి గురించి, మెచ్చుకోని కూర గురించి. అందులో దుఃఖమంతా అసలైనదే, సీసా ఒక్కటే లేదు.

నొచ్చుకున్నది నాన్న పాత ఆఫీసు స్నేహితుడొక్కడే. ఫోన్ చేసి, ఇన్నేళ్ళు పార్టీల్లో మేము తాగుతుంటే సోడా పట్టుకుని కూర్చున్నావే, అంటే మాతో తాగడం ఇష్టం లేక ఇంకెక్కడో తాగొచ్చేవాడివా అని అడిగి పెట్టేశాడు.

అప్పుడే ఒక జంట మా ఇంటికి వచ్చింది, భార్యాభర్తలు. సీతాఫల్‌మండిలో ఉంటారు. ఆయన ఏసీలు రిపేర్ చేస్తాడు. ఆమె వీడియో చూసి, మందిరంలో అడ్రసు కనుక్కుని, సాయంత్రం పూట ఆయన్ను మా ఇంటికి తీసుకొచ్చింది. ఆయన శుభ్రంగా గడ్డం గీసుకున్నాడు. చేతులు మాత్రం వణుకుతున్నాయి, వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. అంకుల్ ఎట్లా మానేశారో ఈయనకు చెప్పాలని, ఇంక తన వల్ల కాదని ఆమె అన్నది. నాన్న నన్ను చాయ్ పెట్టమన్నాడు. ఆ గొంతులో కంగారు నాకు తెలుసు కాబట్టి చాయ్ పెట్టమని అమ్మకు చెప్పి నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

ఏం తాగేవాళ్ళని ఆయన అడిగాడు. నాన్న ఆలోచించి, బ్రాందీ అన్నాడు. సోడా కలుపుకునా, నీళ్ళు కలుపుకునా అని మళ్ళీ అడిగాడు. నాన్న ఇంకాస్త ఆలోచించాడు.

"రెండూ. ఒక్కోసారి పాలు."

ఆయన నాన్న ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు, కడుపు పట్టుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా. భార్య బిత్తరపోయింది. ఈయన నవ్వగా చూసి ఎంత కాలమైందో, ఇది ప్రభువు కార్యమేనని వంటింట్లోకి వెళ్ళి అమ్మతో చెప్పుకుంది. ఆమె అటు వెళ్ళగానే ఆయన ముందుకు వంగి, నెమ్మదిగా అడిగాడు.

"అంకుల్, మీరు జిందగీల ముట్టలే గదా?"

"లే" అన్నాడు నాన్న.

"మల్ల గట్ల ఎందుకు చెప్పిండ్రు?"

నాన్న తలవంచుకున్నాడు. "అందరికీ ఏదో ఒకటి ఉంది చెప్పుకోనీకి. నాకే ఏం లేదు."

ఆయన నవ్వు పోయింది. తొడల కింది నుంచి చేతులు బయటకు తీసి నాన్నకు చూపించాడు. "నాది తీస్కోండ్రి అంకుల్. మొత్తం తీస్కోండ్రి. నాకొద్దు."

అందులో వెటకారం లేదు. ఇస్తే తీసుకుంటారేమో అన్నట్టే అన్నాడు. చాయ్ వచ్చింది. తాగి వాళ్ళిద్దరూ వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి నాన్న సాయంత్రాలు ఇంట్లో లేడు. ఆ ఏసీ మెకానిక్ పని ముగించుకుని షాపు మూసే వేళకు సీతాఫల్‌మండి వెళ్ళి, బండి తోసుకుంటూ వచ్చే ఆయన వెంట ఇంటి దాకా నడిచేవాడు. బోధ చేసేవాడు కాదు, చేయడం రాదు. ఏసీలో గ్యాస్ ఎట్లా నింపుతారు, పార్శిల్‌లో కోళ్ళు వస్తే ఏం చేసేవాళ్ళు, ఇవే మాటలట. దారిలో వైన్ షాపు ఉంది. దాని ముందు నుంచే పోవాలి, వేరే దారి లేదు. కొన్ని రోజులు ఇద్దరూ దాటుకుపోయారు. ఒక రోజు దాటలేకపోయారు. రెండు నిమిషాల్లో వస్తానని హెల్మెట్ నాన్న చేతిలో పెట్టి ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. నాన్నకు లోపలికి వెళ్ళే ధైర్యమూ లేదు, వదిలేసి వచ్చే మనసూ లేదు. హెల్మెట్ పట్టుకుని వైన్ షాపు మెట్ల దగ్గర నిలబడ్డాడు. అప్పుడే ఆటోలో పోతూ మంత్రగాళ్ళ ఆంటీ చూసింది.

నాన్న ఇంటికి చేరేలోపే ప్రార్థనల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. మన సంఘంలో ఒక పెద్ద సహోదరుడు వెనక్కి జారిపోయారు, పేరు చెప్పడం ప్రేమ కాదు, రైల్వేలో చేసిన ఆ సహోదరుని కోసం అందరూ భారంతో ప్రార్థించండి అని. చేతులు జోడించిన బొమ్మలు వరుసగా పడుతూనే ఉన్నాయి.

తర్వాతి ఆదివారం మెత్త కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. అయ్యగారూ పెద్దలూ ఇంటికి వచ్చి నాన్న తల మీద చేతులు పెట్టి, నూనె రాసి, తాగుడు దయ్యాన్ని గద్దించారు. నాన్న కళ్ళు మూసుకుని గద్దింపు అంతా తీసుకున్నాడు. అమ్మకు ఈసారి ఇంటింటి నుంచీ డబ్బాలు వచ్చాయి. అవి తినబుద్ధి కాక నా ముందు పెట్టేది. నాకు కోపం వచ్చింది. ఆ రోజు వైన్ షాపులో ఉన్నది ఎవరో చెప్పేస్తే అయిపోతుంది కదా అని నాన్నతో అన్నాను.

"వాళ్ళింట్ల మానిన అని చెప్పుకున్నడు బిడ్డా. ఆమె నమ్మింది. నేనెట్ల చెప్తా?"

కానీ తన సంగతి తాను చెప్పాలనుకున్నాడు. అడగకుండానే ఒక ఆదివారం ముందుకు వెళ్ళి మైకు తీసుకున్నాడు. ఆ భార్యాభర్తలు కూడా వెనక కూర్చుని ఉన్నారు. ఆ రోజు తాను చెప్పింది అబద్ధమన్నాడు. తానెన్నడూ తాగలేదన్నాడు. ప్రభువు మందిరంలో నిలబడి అబద్ధం చెప్పాననీ, తాను చేసిన పెద్ద పాపం అదేననీ, క్షమించమనీ అన్నాడు. అయ్యగారు నాకు లైవ్ ఆపమని చేత్తో సైగ చేశారు. నేను స్టాండు బిగిస్తున్నట్టు వంగాను.

హాల్లో ఎవరూ నమ్మలేదు. తాగేవాళ్ళంతా మొదట తాగలేదనే అంటారని ఒకరు గొణిగారు. రౌడీ అన్న లేచి వచ్చి, నాన్న భుజం మీద చెయ్యి వేసి, నిజమైన కన్నీళ్ళతో బతిమాలాడు. "ఒప్పుకో అన్నా. నేను సుత మొదట్ల ఒప్పుకోలే." సంఘమంతా ఒప్పుకొమ్మని ప్రార్థన షురూ చేసింది. నాన్న మైకు పట్టుకుని మధ్యలో నిలబడిపోయాడు. జీవితంలో మొదటిసారి ఆయన దగ్గర చెప్పుకోవడానికి అసలైన పాపం ఉంది, దాన్ని తీసుకునేవాళ్ళు ఎవరూ లేరు.

వెనక నుంచి ఏసీ మెకానిక్ లేచి నిలబడ్డాడు. ప్రార్థన సద్దుమణిగే దాకా ఆగాడు.

"ఆయన తాగలే. లోపల ఉన్నది నేను. ఆయన బయట నా హెల్మెట్ పట్టుకొని నిలబడ్డడు."

పక్కనే ఉన్న ఆయన భార్య తల దించుకుంది. ఏడవలేదు, చీర అంచును వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. అయ్యగారు ముందుగా తేరుకున్నారు. ముఖం వెలిగింది. రండి బ్రదర్, ముందుకు రండి, సాక్ష్యం చెప్పండి అని మైకు అటు చాపారు. ఆయన కదల్లేదు.

"ఇంకా మానలే అయ్యగారూ. ఏం చెప్పాలె?" అని కూర్చున్నాడు.

హల్లెలూయ ఎక్కడ అనాలో ఎవరికీ తెలియలేదు. మా దగ్గర సాక్ష్యానికి ఒక ముందు, ఒక తర్వాత ఉంటాయి. ఇందులో తర్వాత లేదు. చివరికి కీబోర్డు వాయించే అక్క ఏదో రాగం ఎత్తుకుంది, అందరూ నిలబడ్డారు.

ఆ వీడియోను అయ్యగారు ఆ రోజే తీసేయించారు. నాన్న తాగుబోతు సాక్ష్యం మాత్రం ఇప్పటికీ ఉంది. అల్వాల్ నుంచి ఎవరో మొన్న కూడా చూసి ఆశీర్వాదం పొందామని కామెంటు పెట్టారు. పక్కింటావిడకు అమ్మ నిజమంతా విడమరచి చెప్పింది. ఆవిడ అంతా విని, ఇప్పటికీ ఆయన్ను ఇలా కాపాడుకుంటున్నారంటే మీరు ఎంత గొప్పవారో అని కళ్ళు తుడుచుకుంది. అమ్మ స్త్రీల కూడికకు వెళ్ళడం మానేసింది. నాన్న ప్లంబర్‌ను పిలిచి బాత్రూమ్ నల్లా మార్పించాడు. అమ్మ రెండు రోజులు దాన్ని తిప్పి తిప్పి చూసింది.

మేడ మీద అడిగిన ప్రశ్నకు జవాబు దొరికిందా అని ఒకసారి నాన్నను అడిగాను. ఆయన గోర్లు కత్తిరించుకుంటున్నాడు. కట్టర్ పక్కన పెట్టి అన్నాడు.

"పూరా సమజ్ కాలే బిడ్డా. కానీ ఆయన 'నాది తీస్కోండ్రి' అన్నప్పుడు భయమైంది. ప్రభువును మనం రోజూ అదే అడుగుతున్నం గదా, పాటలు పాడుకుంట. తీస్కొనుడంటే ఏందో అప్పుడు కొంచెం తెలిసింది. నాకైతే తీస్కొనుడు రాలే. నిలబడుడు వచ్చింది, గంతే."

ఏసీ మెకానిక్ ఇంకా పూర్తిగా మానలేదు. కొన్ని వారాలు బాగుంటాడు, మళ్ళీ పడతాడు. డాక్టరు దగ్గరికి కూడా వెళ్తున్నారు, నాన్నే తోడు వెళ్తాడు. ఈమధ్య ఆయన భార్య తన కోపం దాచుకోవడం మానేసింది, నాన్న మీద కూడా అరుస్తుంది. అది మంచిదేనని అమ్మ అంటుంది. మందిరంలో భార్యాభర్తలు వెనక కూర్చుంటారు. నాన్న కూడా అక్కడే, స్తంభం పక్కన.

పోయిన ఆదివారం వాళ్ళు రాలేదు. నాన్న ప్రసంగం మధ్యలో రెండుసార్లు తలుపు వైపు చూశాడు. మూడోసారి చూసి, చెప్పులు చేతిలో పట్టుకుని, ఎవరికీ అడ్డం రాకుండా గోడ వెంట బయటకు నడిచాడు. అమ్మ నా ఒళ్ళోంచి గొడుగు తీసుకుని, వాన వచ్చేలా ఉందని ఆయన వెనకే మెట్లు దిగింది.